పడమటి కిటికీకి ఒకటి, బాత్రూమ్‌కు మరొకటి: హైదరాబాద్ ఇంటికి ఏ అద్దం ఎక్కడ

కొత్త ఇల్లు కట్టుకునేవారు కిటికీల దాకా వచ్చేసరికి అలసిపోయి ఉంటారు. టైల్స్ కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు, వంటగది గ్రానైట్‌ను చేత్తో తడిమి చూసి మరీ ఎంచుకుంటారు. అద్దాల దగ్గర మాత్రం "5 ఎంఎం ప్లెయిన్ వేసేయండి" అని ఒక్క మాటతో సరిపెడతారు. కిటికీలు చేసేవారు ఇచ్చే కొటేషన్‌లోనూ పడకగది, బాత్రూమ్, బాల్కనీ అనే తేడా లేకుండా అన్నింటికీ ఒకే అద్దం రాసి ఉంటుంది. ఈ పద్ధతి మీదే నా అభ్యంతరం. ఇంటికంతా ఒకే అద్దం వేస్తే అక్కర్లేని చోట డబ్బు పోతుంది, అక్కర ఉన్న చోట రక్షణ కరువవుతుంది. ఒక్కో కిటికీ ముందు నిలబడి మూడు విషయాలు చూసుకోవాలి: ఎండ ఎప్పుడు పడుతుంది, అద్దం పగిలితే ఎవరికి తగులుతుంది, బయటి చప్పుడు ఎంత. ఈ మూడూ తేలితే అద్దం ఎంపిక సగం పూర్తయినట్టే.

ముందు దిక్కు

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కర్కట రేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిగిలిన ఏడాదంతా దక్షిణంగా ఉంటాడు. దక్షిణపు కిటికీ అంటే చాలామంది భయపడతారు కానీ, వేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు బాగా పైన ఉంటాడు గనుక రెండు అడుగుల సన్‌షేడ్ ఉంటే ఆ ఎండ అద్దం మీద దాదాపుగా పడదు. డిసెంబరులో వంగి వచ్చే ఎండ పొద్దున్నే హాయిగా కూడా ఉంటుంది. ఉత్తరపు కిటికీకి మే, జూన్ నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలుగా కొంత ఎండ తగులుతుంది, అంతే.

అసలు చిక్కు తూర్పు, పడమర. అక్కడ ఎండ ఎదురుగా, కింది నుంచి వస్తుంది. ఎంత పెద్ద సన్‌షేడ్ కట్టినా దాని కిందుగా దూరి నేరుగా మంచం మీదికి వస్తుంది. తూర్పుకు కనీసం రాత్రంతా చల్లబడిన గాలి తోడుంటుంది. పడమటికి ఆ అదృష్టం లేదు. ఏప్రిల్, మే నెలల్లో గాలి 40 డిగ్రీలు దాటిన వేళకే పడమటి అద్దం మీద ఎండ మొదలవుతుంది.

ఆ ఎండ ఎంతో లెక్క వేసి చూద్దాం. నాలుగు అడుగుల వెడల్పు, ఐదు అడుగుల ఎత్తు ఉన్న కిటికీ అంటే 20 చదరపు అడుగులు, సుమారు 1.86 చదరపు మీటర్లు. వేసవిలో సాయంత్రం నాలుగు గంటల వేళ పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. అంటే ఆ ఒక్క కిటికీ మీద దాదాపు 1,100 వాట్లు. అందులో ఎంత గదిలోకి చేరుతుందో చెప్పే అంకెను ఎస్‌హెచ్‌జీసీ అంటారు. అది సున్నాకు, ఒకటికి మధ్య ఉంటుంది. అద్దాల కొటేషన్‌లో ఒకే ఒక్క అంకె అడగదలిస్తే దీన్నే అడగండి.

6 ఎంఎం ప్లెయిన్ అద్దానికి అది సుమారు 0.82. అంటే 900 వాట్లకు పైగా వేడి లోపలికి వచ్చేస్తుంది. ఒక టన్ను ఏసీ 3,500 వాట్ల వేడిని బయటికి పంపగలదు; దాని శక్తిలో నాలుగో వంతు ఈ ఒక్క కిటికీతోనే సరి. ఎండను తిప్పికొట్టే మంచి రిఫ్లెక్టివ్ అద్దం 0.45 దగ్గర ఉంటే లోపలికి వచ్చేది 500 వాట్లు. ఎండను ఆపే లో-ఈ అనే పలుచని లోహపు పూతతో, రెండు అద్దాలు జతచేసి చేసిన డబుల్ గ్లేజింగ్ యూనిట్ 0.28 దగ్గర ఉంటే సుమారు 310 వాట్లు.

ఇక చాలామంది మోసపోయే చోటు. రెండు ప్లెయిన్ అద్దాల మధ్య 12 ఎంఎం గాలి ఖాళీ పెట్టి సీల్ చేసిన డబుల్ గ్లేజింగ్, అంటే మన దగ్గర అందరూ డీజీయూ అనేది, ఎండ వేడిని పెద్దగా ఆపదు. దాని ఎస్‌హెచ్‌జీసీ 0.7 దగ్గరే ఉంటుంది. మన ఉదాహరణ కిటికీలో 900 వాట్లు 780 అవుతాయి, అంతే. రెండు రెట్లకు పైగా డబ్బు పెట్టి తెచ్చుకునే లాభం అదేనా? గాలి ఖాళీ అడ్డుకునేది బయటి గాలికీ లోపలి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా వల్ల ప్రవహించే వేడిని. దాన్ని యూ విలువతో కొలుస్తారు, అది ఎంత తక్కువైతే అంత మేలు; ఒంటి అద్దానికి సుమారు 5.7, ప్లెయిన్ డీజీయూకు సుమారు 2.8. బయట మైనస్ 10, లోపల 20 ఉండే దేశాల్లో ఆ తేడా ఇంటిని కాపాడుతుంది. మన దగ్గర బయట 41, లోపల 26 అంటే తేడా 15 డిగ్రీలే. మనల్ని ఉడికించేది ఎండ. కాబట్టి "డీజీయూ" అన్న మాట వినగానే ఒప్పుకోకండి, దాని మీద ఏ పూత ఉందో, ఎస్‌హెచ్‌జీసీ ఎంతో అడగండి.

ఎండను ఆపే అద్దాల్లో తేడాలు

రంగు అద్దం, అంటే కంచు, బూడిద, ఆకుపచ్చ, నీలం రంగుల్లో వచ్చే టింటెడ్ గ్లాస్, ఎండను తనలో పీల్చుకుంటుంది. అద్దమే కాలిపోయి, ఆ వేడిలో కొంత గదిలోకి వదులుతుంది. మే నెల సాయంత్రం అలాంటి అద్దం మీద అరచెయ్యి పెడితే క్షణం కూడా ఉంచలేం. పైగా ఇంకో ప్రమాదం ఉంది. సన్‌షేడ్ నీడలో ఉన్న పైభాగం చల్లగా, ఎండలో ఉన్న కిందిభాగం వేడిగా ఉంటే మామూలు అద్దం ఆ తేడాను తట్టుకోలేదు. సుమారు 40 డిగ్రీల తేడాకే అంచుకు లంబంగా చీలిక మొదలవుతుంది. "ఎవరూ ముట్టుకోకుండానే పగిలింది" అనేవారి ఇళ్లలో తరచూ కనిపించే కారణం ఇదే. ముదురు రంగు అద్దం పెట్టాలనుకుంటే టఫెన్డ్ చేయించిన, అంటే వేడిచేసి గట్టిపరచిన, తర్వాతే పెట్టాలి. నేనైతే ఇంటికి టింటెడ్ అద్దం సిఫార్సు చేయను. చీకటి ఎక్కువ, చల్లదనం తక్కువ.

రిఫ్లెక్టివ్ అద్దం మీద పలుచని లోహపు పూత ఉంటుంది, ఎండలో కొంత భాగాన్ని బయటికే తిప్పికొడుతుంది. ధరకు తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే. పగలు బయటివారికి లోపలిది కనిపించదు కూడా. అయితే ఈ చాటు పగటికే పరిమితం. రాత్రి లోపల దీపం వెలిగిస్తే బయటివారికి అంతా కనిపిస్తుంది, మీకు మాత్రం మీ ముఖమే కనిపిస్తుంది. ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో మరో అపార్ట్‌మెంట్ ఉన్న కాలనీల్లో ఈ సంగతి తెలియక పరదాలు మానేసినవారు ఇబ్బంది పడతారు. ఇంకొకటి, ఆ అద్దం తిప్పికొట్టిన ఎండ ఎదుటివారి గదిలోకి వెళుతుంది. ఇరుకు వీధిలో పెద్ద పడమటి గోడంతా అద్దం పెట్టేవారు ఇది ఆలోచించాలి.

లో-ఈ పూత వెండిలాంటి లోహాల అతి పలుచని పొరలతో చేస్తారు. వెలుతురును చాలావరకు రానిస్తూ వేడికిరణాలను ఆపడం దాని గొప్పతనం. మృదువైన పూత రకం గాలికి, తేమకు పాడవుతుంది కనుక దాన్ని డీజీయూ లోపల, బయటి అద్దానికి లోవైపు ముఖంగా ఉంచాలి. అదే పూత లోపలి అద్దం మీదకు మారితే ఎండ వేడి రెండు అద్దాల మధ్యకు చేరి ఆగుతుంది, మన వాతావరణానికి ఆ అమరిక పనికిరాదు. తయారీలో అద్దం తిరగబడి అతుక్కున్నా చూడటానికి తేడా తెలియదు. దాన్ని పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, ఫోను టార్చిని అద్దానికి దగ్గరగా కాస్త పక్కగా పట్టుకోండి. డీజీయూలో నాలుగు ముఖాలు కనుక నాలుగు ప్రతిబింబాలు వరుసగా కనిపిస్తాయి. మూడు ఒకే తెలుపులో ఉంటాయి, ఒకటి మాత్రం లేత ఎరుపుగానో ఆకుపచ్చగానో రంగు తిరిగి ఉంటుంది. ఆ రంగుది బయటి వైపు నుంచి రెండోదై ఉండాలి. నాలుగూ ఒకే రంగులో ఉంటే లో-ఈ డబ్బులు కట్టి ప్లెయిన్ డీజీయూ తెచ్చుకున్నారన్న అనుమానం రావాలి. అక్కడే ఆపి అడగండి.

మరీ నల్లటి అద్దమూ వద్దు. వెలుతురు ఎంత వస్తుందో చెప్పే వీఎల్‌టీ ప్లెయిన్ అద్దానికి 88 శాతం దగ్గర ఉంటుంది. ఇళ్ల కోసం కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదన్న హద్దుతో పాటు, మామూలు విస్తీర్ణంలో కిటికీలున్న ఇంటికి వీఎల్‌టీ 27 శాతానికి తగ్గకూడదనీ ఉంది. పట్టపగలు లైటు వేసుకుని కూర్చునే గది చల్లగా ఉండి మాత్రం ఏం సుఖం?

అద్దానికి డబ్బు పెట్టే ముందు నీడ గురించి ఒక మాట. ఎండను అద్దం దాకా రానివ్వకుండా ఆపడం అన్ని పూతల కంటే మేలు. హైటెక్ సిటీ దగ్గర 2004లో ప్రారంభమైన సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో అద్దంతో పాటు జాలీ గోడలు, లోపలి ముంగిళ్లు కనిపిస్తాయి. ఎండతో వ్యవహారం బయటే తేల్చుకున్న కట్టడమది. మన ఇంట్లో పడమటి కిటికీకి బయటివైపు వెదురు తెర, నిలువు పలకల జాలీ, లేదా ఆకు దట్టంగా పెరిగే తీగ ఉంటే ప్లెయిన్ అద్దం కూడా గౌరవంగా నెట్టుకొస్తుంది. లోపలి పరదా మాత్రం ఎండ గదిలోకి వచ్చాక చేసే పని. వేడి అప్పటికే లోపలికి చేరిపోయింది.

ఇప్పటికే పెట్టేసిన అద్దాలకు సన్ ఫిల్మ్ అతికించే పద్ధతి ఉంది. అద్దె ఇంటికి, పాత ఫ్లాటుకు అది మంచి మార్గమే. అయితే మామూలు అద్దం మీద ముదురు ఫిల్మ్ వేస్తే టింటెడ్ అద్దానికి చెప్పిన చీలిక భయమే దీనికీ ఉంటుంది. డీజీయూ మీద వేయించే ముందు అద్దం ఇచ్చినవారిని తప్పక అడగాలి.

పగిలితే ఏమవుతుంది

ఇది నా మనసుకు దగ్గరి విషయం. వేడి ఎక్కువైతే ఏసీ పెంచుకోవచ్చు. పసివాడు పరుగెత్తుకుంటూ వచ్చి బాల్కనీ తలుపు అద్దానికి గుద్దుకుంటే దిద్దుకునే వీలుండదు.

ఫ్లోట్ గ్లాస్, అంటే మామూలు అద్దం, పగిలితే కత్తుల్లాంటి పొడవాటి ముక్కలవుతుంది. అదే అద్దాన్ని 620 డిగ్రీలకు పైగా వేడిచేసి, గాలితో ఒక్కసారిగా చల్లారిస్తే టఫెన్డ్ అవుతుంది. పైపొర ఒత్తిడిలో బిగుసుకుంటుంది, బలం నాలుగైదు రెట్లు పెరుగుతుంది, 200 డిగ్రీల వేడి తేడాను కూడా తట్టుకుంటుంది. పగిలితే పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. ఒంటికి గీతలు పడవచ్చు కానీ లోతుగా కోయదు. టఫెన్డ్ చేశాక కోయడం, రంధ్రం వేయడం కుదరదు కనుక హ్యాండిల్, లాక్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొలతలన్నీ ముందే ఇవ్వాలి. అంచు దాని బలహీనత. మధ్యలో గట్టి దెబ్బ తట్టుకున్న అద్దం మూల మీద చిన్న దెబ్బకే మొత్తం రాలిపోగలదు. చాలా అరుదుగా గాజులో ఉండిపోయిన నికెల్ సల్ఫైడ్ కణం వల్ల నెలల తర్వాత తనంతట తానే పగలడమూ ఉంది. పెద్ద అద్దాలకు, ఎత్తయిన అంతస్తులకు హీట్ సోక్ పరీక్ష చేయించిన సరుకు అడగాలి. అద్దాన్ని సుమారు 290 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, పగిలేదాన్ని ఫ్యాక్టరీలోనే పగలనిచ్చే పరీక్ష అది.

ల్యామినేటెడ్ అద్దంలో రెండు అద్దాల మధ్య పీవీబీ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర ఉంటుంది, మందం 0.38, 0.76 లేదా 1.52 ఎంఎం. పగిలినా సాలెగూడులా చీలి చట్రంలోనే నిలబడుతుంది. మనిషి అవతలికి పడిపోడు, దొంగ చెయ్యి వెంటనే లోపలికి రాదు. పరదాలను, టేకు చెక్కను వెలవెలబోయేలా చేసే అతినీలలోహిత కిరణాలను దాదాపు 99 శాతం ఆపుతుంది. గ్రిల్ ఇష్టపడని కింది అంతస్తువారికి నా సలహా ఇదే. ఫ్లోట్ అద్దాలతో చేసినదైతే ఎండ వేడికి చీలే గుణం ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఏది ఎక్కడ అన్నది ఇక్కడ తేలిక. బాల్కనీ తలుపులకు, నేల నుంచి మొదలయ్యే కిటికీలకు, బాత్రూమ్ పార్టిషన్లకు, మెట్ల పక్కన ఉండే అద్దాలకు ప్లెయిన్ అస్సలు వద్దు. టఫెన్డ్ కానీ ల్యామినేటెడ్ కానీ ఉండాలి. బాల్కనీ రెయిలింగ్‌కు ఒట్టి టఫెన్డ్ కూడా చాలదు. అది పగిలిన క్షణంలో అక్కడ అడ్డు ఏమీ మిగలదు, ముక్కలు కింద నడిచేవారి మీద పడతాయి. రెండు టఫెన్డ్ అద్దాలను కలిపి ల్యామినేట్ చేసినదే అక్కడ పెట్టాలి. తల మీద ఉండే స్కైలైట్‌కూ లోపలి పొర ల్యామినేటెడ్ అయి తీరాలి. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే వేరే ఎక్కడైనా తగ్గించండి. మనుషులు తగిలే చోట్ల అద్దం గురించి భారతీయ ప్రమాణం ఐఎస్ 16231 నాలుగో భాగంలో వివరంగా ఉంది. మీ ఆర్కిటెక్ట్‌ను ఆ పేరు చెప్పి అడగవచ్చు.

కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు ముప్పై, నలభై అంతస్తుల్లో ఉండేవారికి గాలి లెక్క వేరు. ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌లో భవనాల లెక్కకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. టఫెన్డ్ చేస్తే అద్దం బలం పెరుగుతుంది కానీ వంగే గుణం తగ్గదు; 5 ఎంఎం టఫెన్డ్ గాలికి 5 ఎంఎం ప్లెయిన్ వంగినంతా వంగుతుంది. కాబట్టి పైఅంతస్తుల్లో బిల్డర్ పెట్టిన మందం తగ్గించి మార్పించుకోకండి. బరువూ చూసుకోవాలి. గాజు ఒక చదరపు మీటరుకు, ఒక ఎంఎం మందానికి 2.5 కిలోలు. మూడు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు ఉన్న స్లైడింగ్ తలుపు రెక్కకు 5 ఎంఎం ఒంటి అద్దం 24 కిలోలుంటే, 6-12-6 డీజీయూ (రెండు 6 ఎంఎం అద్దాలు, మధ్య 12 ఎంఎం ఖాళీ) 58 కిలోలు. పాత రోలర్ల మీద ఆ బరువు మోపితే ఏడాది తిరగకుండానే తలుపు ఈడ్చుకుంటుంది.

చప్పుడు

మెట్రో పట్టాల పక్కన, పంజగుట్ట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి రోడ్ల మీద ఉండేవారు చప్పుడు కోసం డీజీయూ అడుగుతారు. సమాన మందంతో ఉన్న రెండు అద్దాలు ఒకే శ్రుతిలో కంపిస్తాయి, ట్రాఫిక్ రొదను అనుకున్నంత ఆపవు. అదే ఖర్చులో మందపాటి ల్యామినేటెడ్ ఒంటి అద్దం తరచూ మెరుగ్గా పనిచేస్తుంది. పీవీబీ పొర కంపాన్ని మింగేస్తుంది. డీజీయూయే కావాలంటే ఒక అద్దం 6, మరొకటి 8 లేదా 10 ఎంఎం ల్యామినేటెడ్‌గా తీసుకోండి. అంతకంటే ముందు కిటికీ రకం మార్చండి. స్లైడింగ్ రెక్కల మధ్య సందుల్లోంచి గాలి వస్తుందంటే శబ్దమూ వస్తుంది. తలుపులా తెరుచుకుని, రబ్బరు గాస్కెట్ మీద నొక్కుకుని మూసుకునే కేస్‌మెంట్ కిటికీలో 6 ఎంఎం అద్దం, స్లైడింగ్‌లో పెట్టిన ఖరీదైన అద్దం కంటే ప్రశాంతత ఇస్తుంది. వినాయక నిమజ్జనం రోజు గుండెల్లో దడ పుట్టించే డీజే మోత తక్కువ పౌనఃపున్యపు శబ్దం, దాన్ని ఇంటి కిటికీ అద్దమేదీ పూర్తిగా ఆపలేదు. అలా ఆపుతుందని చెప్పేవారిని నమ్మవద్దు.

బాత్రూమ్ వెంటిలేటర్‌కు ఫ్రాస్టెడ్ లేదా అచ్చు డిజైన్ అద్దం చాలు. గరుకు ముఖం బయటివైపు ఉంటే దుమ్ము పట్టి వదలదు, లోపలివైపు ఉంటే సబ్బు మరకలు పట్టుకుంటాయి. తలుపు ఎత్తులో ఉంటే టఫెన్డ్ చేయించుకోవాలి, పైన ఉంటే మామూలుదే సరిపోతుంది.

నేనైతే ఇలా వేస్తాను

నిజాంపేటలోనో, ఉప్పల్‌లోనో మూడో అంతస్తులో మూడు పడకగదుల ఫ్లాటు అనుకుందాం. ఉత్తరం, సన్‌షేడ్ ఉన్న దక్షిణం: మూడు అడుగుల ఎత్తు నుంచి మొదలయ్యే కిటికీలకు 5 ఎంఎం ప్లెయిన్. అక్కడ మిగిలిన డబ్బంతా పడమటికి. పడమటి పడకగదిలో ఏసీ రోజూ నడుస్తుందంటే లో-ఈ డీజీయూ. బడ్జెట్ బిగుతుగా ఉంటే 6 ఎంఎం టఫెన్డ్ రిఫ్లెక్టివ్, బయట వెదురు తెర. ఏసీ లేకుండా కిటికీలు తెరిచి ఉంచే ఇంటికి డీజీయూ దండగ. తూర్పుకు ప్లెయిన్‌కు బదులు తేలికపాటి రిఫ్లెక్టివ్. బాల్కనీ తలుపుకు 6 ఎంఎం టఫెన్డ్, రోడ్డు మీదికి ఉంటే ల్యామినేటెడ్. ఫ్లాట్ల సంఘం బయటి రంగు మార్చనివ్వకపోతే లో-ఈలో దాదాపు రంగు లేని రకాలు దొరుకుతాయి, నమూనా ముక్క తీసుకెళ్లి చూపించండి.

ఆర్డర్ కాగితం మీద "టఫెన్డ్ గ్లాస్" అని మాత్రమే ఉంటే చాలదు. మందం, రకం, పూత ఏ ముఖం మీద, ఎస్‌హెచ్‌జీసీ, వీఎల్‌టీ, గాలి ఖాళీ, పీవీబీ మందం కిటికీ కిటికీకి విడిగా రాయించండి. టఫెన్డ్ అద్దం మూలలో చెరగని ముద్ర ఉంటుంది. అందులో ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 సంఖ్య వెతకండి. ముద్ర చట్రంలో దాగిపోతే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని ఆకాశం ప్రతిబింబాన్ని ఏటవాలుగా చూడండి, ముదురు మచ్చలో చారలో కనిపిస్తే అది వేడిచేసి చల్లార్చిన అద్దం. ల్యామినేటెడ్ అయితే బిగించక ముందే అంచు చూడాలి, రెండు పలకల మధ్య సన్నని గీత తెలుస్తుంది. డీజీయూ వీలైతే నగరంలోనే సీల్ చేయించినది తీసుకోండి. సముద్ర మట్టంలో సీల్ చేసి 540 మీటర్ల ఎత్తున్న మన నగరానికి తెస్తే లోపలి గాలి అద్దాలను కాస్త ఉబ్బిస్తుంది, ప్రతిబింబాలు వంకరగా కనిపిస్తాయి. సీల్ మీద ఎన్నేళ్ల హామీ ఉందో రాతపూర్వకంగా తీసుకోండి. సీల్ పోతే అద్దాల మధ్య ఆవిరి చేరి తెల్లగా మారుతుంది, తుడవడానికి చెయ్యి వెళ్లదు.

బిగించాక కూడా పెయింటింగ్, ప్లాస్టరింగ్ మిగిలి ఉంటే అద్దాల మీద ప్లాస్టిక్ కప్పించండి. సిమెంటు నీళ్లలోని క్షారం గాజును కొరికేస్తుంది, ఎండిపోయాక గీకితే గీతలు, వదిలేస్తే మచ్చలు. పూత బయటి ముఖం మీద ఉన్న రిఫ్లెక్టివ్ అద్దాన్ని బ్లేడుతో ఎప్పుడూ గీకవద్దు. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే సున్నపు చారలు కట్టి కొన్నాళ్లకు వదలవు. మంజీరా కుళాయి నీళ్లు వచ్చే రోజున కడిగి, రబ్బరు వైపరుతో వెంటనే లాగేయండి.